బిడ్డలకు నేర్పదగిన వృత్తులు



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో నేను ఏ యూరికి వెళ్లినను పెద్దలు నన్నొక ప్రశ్న అడుగుచుందురు. “పంతులుగారూ! మా మనుమరాలు మూడవ తరగతి చదువుచున్నది. ఇప్పటినుండి ఏ కొలువునకు తయారు చేయుమందురు?” అని. ఇంజనీరు అనియో, డాక్టరు అనియో ఒక్కమాటలో బదులు చెప్పుట సులభమే. ఆ మాటను నమ్మి ఎకరమో, అరయెకరమో అమ్ముటకు వెనుదీయని తండ్రులు మనలో అనేకులు కలరు. కనుకనే ఆ మాట అనుటకు నాకు నోరాడదు. మూడవ తరగతి బిడ్డ సంపాదనకు వచ్చుటకు ఇంకను పదునైదేండ్లు పట్టును. మన తాతతండ్రులును ఇట్లే ముందుచూపుతో బిడ్డలను కొలువులకు తీర్చిరి. వారి అంచనా ఎంతవఱకు నిలిచినదో విచారింతము.

నిజాము రాజ్యమున చిరకాలము కచేరీ భాష ఫారసీ. ఫారసీ చదివి జమాఖర్చు వ్రాయనేర్చినవానికి సర్కారులో చోటు దొరకెడిది. 1884 ప్రాంతమున ఫారసీ తొలగి ఉర్దూ వచ్చెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతోనే వెలసెను. దానిని నమ్మి బిడ్డలను ఉర్దూ బడికి పంపిన తెలుగు ఇండ్లు అనేకములు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసెను. అటుపిమ్మట కచేరీలలో ఇంగ్లీషును, తెలుగును ప్రవేశించెను. అనగా ఒక నిండు ఆయుష్షు గడచులోపల కచేరీ భాష ముమ్మాఱు మారినది.

ఆ మార్పులనడుమ పెరిగిన దాశరథి కృష్ణమాచార్యులవారు మన మహబూబాబాదు జిల్లాలోని చిన్నగూడూరున 1925లో జన్మించిరి. ఇంట తండ్రివలన సంస్కృతము, బడిలో ఉర్దూ, ఉస్మానియాలో ఇంగ్లీషుతో బి.ఏ., జీవితమంతయు తెలుగు కవిత్వము. బ్రతుకుతెరువునకై వారు ఉపాధ్యాయులుగను, పంచాయతీ ఇన్‌స్పెక్టరుగను, ఆకాశవాణిలోను పనిచేసిరి. వారు పుట్టిననాటికి మన సీమలో రేడియో కేంద్రమే లేదు! ఊయలలోని ఆ శిశువును చూచి ఈ కొలువును ఊహింపగల జ్యోతిష్కుడెవడు? కచేరీలో చెల్లుబాటు తప్పిన ఉర్దూ సయితము వారికి వృథ కాలేదు. గాలిబు గజళ్లను తెనిగించుటకు అదియే ఉపకరించెను.

ఇక పట్వారీగిరి సంగతి పెద్దలైన మీకు నాకంటె బాగుగ తెలియును. తండ్రి దస్తరము విప్పినపుడు కొడుకు ప్రక్కన కూర్చుండి పహాణీ వ్రాయ నేర్చెడివాడు. అది వంశముది, ఎవ్వరు తీసివేయుదురు? అని ధీమాగ నుండిరి. 1984లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము వంశపారంపర్య గ్రామోద్యోగములను ఒక్క కలముపోటుతో రద్దుచేసెను. నేను బడిపంతులుగా కుదిరిన తొలి దినములవి. అట్టి ఇండ్లనుండి వచ్చిన పిల్లలలో భూమి కొలతయు, వడ్డీలెక్కయు గట్టిగ పట్టుబడినవారు సహకార సంఘములలోను, వకీళ్లయొద్దను, బడులలోను త్వరలోనే నిలదొక్కుకొనిరి. పెద్దల పలుకుబడియే తమ విద్య యనుకొన్నవారు మాత్రము చాలకాలము అరుగు దిగలేదు. తరువాత గ్రామ రెవెన్యూ అధికారులు వచ్చిరి. 2020లో ఆ పదవియు పోయెను. ధరణి యను కంప్యూటరు దస్తరము వచ్చెను. 2025లో భూభారతి చట్టముతో పాటు గ్రామ పాలనాధికారులు వచ్చిరి. పొలముగట్టు తగాదాలు మాత్రము ఎచ్చటివి అచ్చటనే యున్నవి. అది వేఱు సంగతి.

భూపాలపల్లివైపు వారు, “మాకు బొగ్గుబాయి కలదు, మాకేమి కొఱత?” అందురు. ఇల్లెందు ప్రాంతమున 1871లో డాక్టరు కింగు బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. ఆ గనులే క్రమముగ గోదావరి లోయవెంట వ్యాపించి భూపాలపల్లి అడవిని చేరినవి. చెల్పూరులోని 1,100 మెగావాట్ల విద్యుత్కేంద్రమునకు బొగ్గే ఆధారము. కాని ఈ లెక్కను ఒక్కమాఱు చిత్తగింపుడు. 1990 ప్రాంతమున సింగరేణి కార్మికులు లక్షకు మించి యుండగా బొగ్గు ఏటికి 2 కోట్ల టన్నులకు లోపే వచ్చెడిది. ఇటీవలి యేండ్లలో బొగ్గు 7 కోట్ల టన్నుల దరికి చేరినది. కార్మికులో, 40 వేల ప్రాంతమునకు తగ్గిరి. తట్ట, చెమ్మసు పట్టినవాని పనిని డంపరును, షావెలు యంత్రమును చేయుచున్నవి. గని మూతపడలేదు, గనిలోని పనియే మారినది. ఆ డంపరును విప్పి మరల కూర్చగలవానికి ఇప్పటికిని పిలుపు వచ్చుచున్నది. తండ్రి కొలువు తనకు వచ్చునని ఎదురుచూచు కుఱ్ఱవానికి ఏమి వచ్చునో నేను చెప్పజాలను.

కొలువులకంటె చేతిపని ఎక్కువకాలము నిలిచినదనుటకు జనగామ చెంతనున్న పెంబర్తియే సాక్ష్యము. కాకతీయులనాటినుండి వచ్చుచున్నదని చెప్పబడు విద్య అది. ఇత్తడి రేకును లక్కమీద పఱచి, ఉలితో, సుత్తితో కొట్టి బొమ్మలు ఉబ్బునట్లు చేయుదురు. ఒకప్పుడు దేవుని వాహనములకు, గుడి తలుపులకు తొడుగులు చేసిన చేతులే నేడు సభలలో ఇచ్చు జ్ఞాపికలను, గోడ పలకలను చేయుచున్నవి. 2010లో ఆ పనికి భౌగోళిక గుర్తింపుకూడ లభించెను. ఆ పనివారి రాబడి గొప్పదని నేననను. పలువురు ఆ పని విడిచి పట్నము చేరిరి. అయినను గిరాకి మారినప్పుడు మారగలిగిన విద్య వారిది.

కాబట్టి పదవ తరగతివఱకు బిడ్డకు కొలువు పేరు చెప్పవలదని నా మనవి. తెలుగు తడబడక చదివి భావము గ్రహించుట, లెక్క, కొలత, ఇంగ్లీషు, ఏదో యొక చేతిపని – తీగ బిగించుటయో, మోటారు విప్పుటయో, కుట్టుపనియో – ఇవి కుదిరిన తరువాత త్రోవ ఎన్నుకొనవచ్చును. వ్రాసినదానినే తిరిగి వ్రాయు గుమాస్తా పనిని కంప్యూటరు ఇప్పటికే పుచ్చుకొన్నది. కనుక ఆ పనికే బిడ్డను తీర్చుట మఱింత ప్రమాదము. 2022లో మహబూబాబాదునను, 2023లో జనగామ, భూపాలపల్లులందును ప్రభుత్వ వైద్యకళాశాలలు తెఱచిరి. ఆసుపత్రి యనగానే మనకు డాక్టరొక్కడే కనబడును. నర్సులు, రక్తపరీక్ష చేయువారు, ఎక్సురే తీయువారు లేక ఆ డాక్టరు చేయగలిగినది స్వల్పము. ఇక సేద్యమందురా, బమ్మెర పోతన హాలికుడని గర్వముతో చెప్పుకొను మనమే మన బిడ్డ నాగలి పట్టెదనన్నచో మొగము ముడుచుకొందుము. మన్ను పరీక్షించుట, పురుగును గుర్తించుట, బిందుసేద్యపు గొట్టములు అమర్చుట చదువుకొన్నవారు చేయదగిన పనులే.

ఈ రాత్రి మీ ఇంట ఐదవ తరగతి దాటిన బిడ్డ యున్నచో పట్టాదారు పాసుపుస్తకము చేతికిచ్చి చదివింపుడు. ఎకరమునకు 40 గుంటలు చొప్పున మీ భూమి మొత్తము ఎన్ని గుంటలో కట్టింపుడు. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీపై తెచ్చిన 50,000 రూపాయలకు ఏడాది వడ్డీ యెంతయో అడుగుడు. తడబడినచో, కోచింగునకై దాచిన సొమ్ము అటుండనిచ్చి, ముందు ఆ ఊరి బడిపంతులను కలిసికొనుడు.