లండన్ సనదు, కులం బ్రీఫు: బారిస్టరు చదువు ఎవరికి ఎంత ఒరిగింది?

తెలుగువాళ్లకి బారిస్టరు అనగానే ముందు గుర్తొచ్చేది మొక్కపాటి నరసింహశాస్త్రి పార్వతీశం. మొగల్తూరు నుంచి బయల్దేరి ఇంగ్లండు పోయిన ఆ బ్రాహ్మణ కుర్రాణ్ణి చూసి తరాల తరబడి నవ్వుకున్నాం. నవ్వడంలో తప్పులేదు. కానీ ఆ నవ్వులో ఒక ప్రశ్న మరుగున పడిపోయింది. కోర్టులో వాదించడానికి ఓడెక్కి లండనే ఎందుకు పోవాలి? మద్రాసులోనో బొంబాయిలోనో లా చదివినవాడికి లేనిదీ, లండన్‌లో చదివినవాడికి ఉన్నదీ ఏమిటి? పోయొచ్చినవాళ్లందరికీ అది ఒకేలా కలిసొచ్చిందా? ఈ ప్రశ్నని మా వాడల వైపు నుంచి అడగాలనుకుంటున్నాం.

లండన్‌కి ఆ విలువ చదువు గొప్పతనం వల్ల రాలేదు, చట్టం వల్ల వచ్చింది. 1861 నాటి హైకోర్టుల చట్టం ప్రకారం ప్రధాన న్యాయమూర్తితో కలిపి జడ్జీల్లో కనీసం మూడోవంతు మంది బారిస్టర్లే కావాలి. ఇంగ్లండులో బారిస్టరు పట్టా ఇచ్చే ఇన్నులన్నీ లండన్‌లోనే ఉన్నాయి. ఇక్కడ చదివినవాళ్లు వకీళ్లు. వాళ్ల కింద ప్లీడర్లు, వాళ్లలో మళ్లీ గ్రేడులు, ఇంకా కింద ముక్తార్లు. నిచ్చెనమెట్ల కులవ్యవస్థని చూస్తూ పెరిగినవాళ్లకి ఈ ఏర్పాటు కొత్తగా ఏమీ అనిపించదు! కలకత్తా, బొంబాయి హైకోర్టుల్లో పెద్ద వ్యాపార, ఆస్తి దావాలు నడిచే ఒరిజినల్ సైడులో మామూలు వకీలుకి చోటు లేదు. అది బారిస్టర్లదీ, ప్రత్యేక పరీక్ష గట్టెక్కిన కొద్దిమంది అడ్వొకేట్లదీ. మద్రాసులో వకీళ్లు ఆ గడప ముందే దాటారు. 1926 బార్ కౌన్సిళ్ల చట్టం ఈ తేడాల్ని చాలావరకు తగ్గించింది. 1961 అడ్వొకేట్ల చట్టంతో లాయర్లందరూ ఒకే వర్గం అయ్యారు. అంటే అరవై ఏళ్లకు పైగా, చదివిన చోటే లాయరు భవిష్యత్తుని చాలావరకు నిర్ణయించింది. ఇది కాదనలేని నిజం.

అయితే కథ ఇక్కడితో అయిపోతే మేము ఈ వ్యాసం రాయనక్కర్లేదు.

టంగుటూరి ప్రకాశం సంగతి చూద్దాం. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి ఒంగోలులో పూటకూళ్లు నడిపి పిల్లల్ని సాకింది. ప్రకాశం రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పేరు తెచ్చుకున్నా, ఆ గ్రేడుతో హైకోర్టులో వాదించే వీల్లేదు. 1904లో ఇంగ్లండు పోయి, 1907లో బారిస్టరుగా తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టాడు. బాగా సంపాదించాడు. 1921లో సహాయ నిరాకరణ కోసం ఆ ప్రాక్టీసే వదులుకున్నాడు. లండన్ చదువు ఒక పేద కుర్రాణ్ణి ఎక్కడికి చేర్చిందో చెప్పడానికి ఈ కథ చెబుతారు. పేదరికం నిజమే, కష్టమూ నిజమే. కానీ ఒక్క సంగతి ఆలోచించాలి. మాల తల్లో మాదిగ తల్లో ఆనాడు ఒంగోలులో పూటకూళ్లిల్లు పెడితే ఊరు వచ్చి తినేదా? ప్రకాశం పేదరికానికి కూడా కులం అనే పెట్టుబడి ఒకటి ఉంది. రాజమండ్రి పరిచయాలు, కక్షిదారులు ఉండనే ఉన్నాయి. లండన్ ఆ పెట్టుబడికి వడ్డీ కలిపింది.

గాంధీ సంగతీ అంతే. 1891లో బారిస్టరై వచ్చి బొంబాయి కోర్టులో నోరు పెగలక కూర్చుండిపోయాడు. లండన్ పట్టా ఆయన్ని ఆదుకోలేదు. 1893లో దక్షిణాఫ్రికాకి తీసుకుపోయింది సొంతూరు పోర్‌బందర్ వర్తకుల సంబంధం. పట్టా తడబడినచోట ఊరూ వర్తకమూ చెయ్యి పట్టుకున్నాయి.

ఇప్పుడు అంబేద్కర్ దగ్గరికి వద్దాం. ఆయన 1916లో గ్రేస్ ఇన్‌లో చేరాడు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పు గడువు అయిపోవడంతో 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సొచ్చింది. ఇన్నుల్లో అప్పట్లో ఒక వింత నియమం ఉండేది. చదివితే చాలదు, టర్ముకి ఇన్ని విందులని లెక్కప్రకారం హాల్లో అందరితో కూర్చుని తినాల్సి ఉండేది. తింటేనే ఆ టర్ము జమ అయ్యేది. పార్వతీశం లాంటివాళ్లకి అదొక తమాషా. మహర్ కుర్రాడికి? సహపంక్తి భోజనం అర్హత అయిన చోటు నుంచి ఆయన 1917లో బరోడా వచ్చాడు. అక్కడ తలదాచుకోవడానికి గది దొరకలేదు. కులం దాచి పార్సీ సత్రంలో దిగితే, తెలిశాక కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆఫీసులో ప్యూన్లు ఫైళ్లు దూరం నుంచి విసిరారు. అక్కడ విందు తిన్నవాడికి ఇక్కడ మంచినీళ్లు లేవు.

సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్లీ లండన్ పోయాడు. 1922లో బారిస్టరు అయ్యాడు. 1923లో బొంబాయిలో సనదు తీసుకోవడానికి చేతిలో డబ్బుల్లేకపోతే మిత్రుడు నావల్ భతేనా ఆదుకున్నాడు. చట్టప్రకారం ఆ రోజు నుంచి ఆయనకీ, మిగతా బారిస్టర్లకీ తేడా లేదు. కానీ ఒరిజినల్ సైడులో బారిస్టరు నేరుగా కక్షిదారుణ్ణి కలవడు. సొలిసిటరు బ్రీఫు పంపాలి. ఆ సొలిసిటర్లు ఎవరు? తెల్లవాళ్లు, పార్సీలు, గుజరాతీ సవర్ణులు. అంటరాని బారిస్టరుకి బ్రీఫు ఎవరిస్తారు? ఆయన అప్పీళ్లకీ, జిల్లా కోర్టులకీ తిరిగాడు. ఇల్లు గడవడానికి 1925 నుంచి ఒక అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో పాఠాలు చెప్పాడు. లండన్ కోర్టు తలుపు తీసింది. లోపల కుర్చీ వేయాల్సింది మాత్రం కులం. అది వెయ్యలేదు.

మరి లండన్ వల్ల ఆయనకి ఒరిగింది ఏమీ లేదా? అలా అంటే తప్పు. బారిస్టరు స్వతంత్రుడు. సర్కారు నౌకరీలో ఉంటే 1927 మహద్ లేదు. 1926లో 'దేశాచే దుష్మన్' పుస్తకం కేసులో బ్రాహ్మణేతర ఉద్యమకారులైన జెధే, జవల్కర్‌ల పక్షాన నిలబడి గెలిపించాడు. మహద్ చెరువు మీద సవర్ణులు వేసిన దావాలో తానే ప్రతివాదిగా పోరాడాడు. 1937లో బొంబాయి హైకోర్టు తీర్పుతో అది గెలుపుగా ముగిసింది. పదేళ్లు! ఫీజులు తేని పట్టా జాతికి ఆయుధమైంది. కెరీర్ అనే మాటని నెలసరి రాబడితో కొలిస్తే ఈ లెక్క తేలదు.

ఇంకో పోలిక. జోగేంద్రనాథ్ మండల్ బెంగాల్ నామశూద్రుడు. లండన్ ముఖం చూడలేదు, కలకత్తాలోనే లా చదివి 1934లో పట్టా పొందాడు. 1946లో అంబేద్కర్‌ని బెంగాల్ నుంచి రాజ్యాంగసభకి పంపడంలో ఆయన పాత్ర పెద్దది. 1947లో ఇండియా మొదటి న్యాయశాఖ మంత్రి అంబేద్కర్. పాకిస్తాన్ మొదటి న్యాయశాఖ మంత్రి మండల్. ఒకరిది గ్రేస్ ఇన్, ఒకరిది కలకత్తా. ఇద్దర్నీ అక్కడిదాకా చేర్చింది చదివిన చోటు కాదు, వెనక కదిలిన జనం. 1950లో మండల్, 1951లో అంబేద్కర్ రాజీనామా చేశారు. ఏ పట్టా కూడా వాళ్లని ఆ పదవుల్లో నిలబెట్టలేదన్నదీ మరిచిపోకూడదు.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. లండన్ పోయింది, దాని స్థానంలోకి కొత్త లండన్లు వచ్చాయి. బెంగళూరులో మొదలైన జాతీయ లా స్కూళ్లు 1998లో నల్సార్‌తో హైదరాబాదుకీ వచ్చాయి. ఇంగ్లీషు ప్రవేశ పరీక్ష, పెద్ద ఫీజు, చివర్న కంపెనీ ఉద్యోగాలు ఒక పక్క. జిల్లా కేంద్రంలో లా కాలేజీ, తెలుగు నోట్సు, సీనియర్ గుమ్మం ముందు జీతంలేని పడిగాపులు ఇంకో పక్క. మా ఇళ్లలో మొదటి డిగ్రీ మాదే. ఏ సీనియర్ దగ్గర చేరాలో చెప్పే మేనమామ లేడు, కేసు పంపే బంధువు లేడు. 1950లో ఏర్పడిన సుప్రీంకోర్టులో మొదటి దళిత జడ్జి వరదరాజన్ అడుగుపెట్టింది 1980లో. అప్పటికి అడ్వొకేట్లందరూ సమానం అని చట్టం చెప్పి పందొమ్మిదేళ్లు!

చదివే చోటు గురించి ఇంత మాట్లాడాక, వాదించే చోటు గురించీ చెప్పాలి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. విచారణ మా ఊళ్లోనే జరగాలని బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని చుండూరుకే రప్పించారు. వాళ్ల పక్షాన బొజ్జా తారకం వంటి లాయర్లు నిలబడ్డారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. ఊళ్లో గెలిచినది హైకోర్టులో పోయింది. కోర్టుని ఊరికి తెచ్చినవాళ్లు హైకోర్టు దాకా కూడా చేరాలి. బెంచీ మీదా, బార్‌లోనూ మనవాళ్లుండాలి.

అందుకే లా చదవబోయే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ మేము చెప్పేది ఇదే. మంచి కాలేజీలో సీటొస్తే వదులుకోవద్దు, రిజర్వేషన్ మన హక్కు. రాకపోతే కుంగిపోవద్దు. చోటు తలుపు తీస్తుంది, బ్రీఫు మాత్రం తేదు. మిగతా కులాలకి అది ఇంట్లో దొరుకుతుంది. మనం దాన్ని సంఘంగా నిలబడి తయారుచేసుకోవాలి: సీనియర్ దళిత లాయర్ల ఆఫీసులు, పుస్తకాలు, మొదటి మూడేళ్లు నిలదొక్కుకోవడానికి భృతి, మన కేసులు మన లాయర్లకే ఇచ్చే అలవాటు. అంబేద్కర్‌కి సనదు డబ్బులు ఒక మిత్రుడిచ్చాడు. ఇప్పుడు ఇవ్వాల్సింది మనం.