తక్కెడ కోల, భ్రామక సూత్రం: సత్తెనపల్లి పత్తి తూకాల నేపథ్యం

గుంటూరు-మాచర్ల రైలు మార్గంలోని సత్తెనపల్లి పరిసరాలు పత్తికీ మిరపకూ పేరుపొందిన నల్లరేగడి నేలలు. మద్రాసు రాష్ట్ర కాలపు తూకంలో వీసెలు ఎనిమిదైతే మణుగు, మణుగులు ఇరవై అయితే బారువ. మణుగు 25 పౌనులు కనుక బారువ 500 పౌనులు. ఏడాది కష్టం కాటా మీదికి ఎక్కిన ఆ కొద్ది నిమిషాలలోనే రైతు రాబడి తేలిపోయేది.

తక్కెడ స్థితిశాస్త్రంలో అతి ప్రాచీనమైన సమస్య. బరువును ఆధార బిందువు నుండి దాని దూరంతో గుణిస్తే వచ్చేది భ్రామకం. రెండు వైపుల భ్రామకాలు సమానమైనప్పుడు కోల నిలుస్తుంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఆర్కిమెడిస్ ఈ నియమాన్ని నిరూపించాడు. కౌటిల్యుని అర్థశాస్త్రం తులల కొలతలను విడిగా నిర్దేశించింది. రాజ్యానికి తూకం ఎంత ముఖ్యమో దీనివల్ల తెలుస్తుంది.

మోసం దాగేది ఈ నియమంలోనే. కోల ఒక చేయి 50 సెంటీమీటర్లు, రెండవది 48 అనుకుందాం. పొట్టి చేతి చిప్పను కొంత బరువుగా చేస్తే ఖాళీ తక్కెడ సమంగానే నిలుస్తుంది. ముల్లు నిటారుగా ఉంటుంది, ధడా సరిపోయినట్లే కనిపిస్తుంది. ఇరవై మణుగుల పత్తిని పొట్టి చేతికి తూచితే 20×48=50×రాళ్ళు; అంటే రాళ్ళు 19.2 మణుగులే. బారువకు 20 పౌనులు, అనగా 6.4 వీసెలు, రైతుకు నష్టం. ఖాళీ తక్కెడను చూపి నమ్మబలకడం ఎంత బోలు సాక్ష్యమో దీనివల్ల స్పష్టం.

పరీక్ష సులభం. సరుకునూ రాళ్ళనూ చిప్పలు మార్చి తిరిగి తూచాలి. ఈసారి 20.83 మణుగులు వస్తాయి. రెండు తూకాల గుణకారానికి వర్గమూలం కడితే అసలు బరువు 20 తేలుతుంది. సగటు కడితే కొద్దిగా ఎక్కువ వస్తుంది, అది సరికాదు. వర్గమూలం కట్టడం రాని రైతుకు కూడా రెండు అంకెలలోని తేడాయే చాలు.

కోల ఒకవైపు ఒరిగి తిరిగి సర్దుకోవడానికి కారణం వేరు. దాని గరిమనాభి ఆధార బిందువుకు దిగువన ఉంటే, క్రిందికి లాగే కోల బరువూ పైకి నిలిపే ప్రతిచర్యా ఒకే రేఖపై ఉండక బలయుగ్మంగా ఏర్పడి దానిని వెనుకకు త్రిప్పుతాయి. ఈ బలయుగ్మ భావనను 1803లో ఫ్రెంచి గణితజ్ఞుడు లూయీ పోయిన్సో ప్రవేశపెట్టాడు. గరిమనాభి ఆధారానికి మరీ దగ్గరగా ఉంటే కోల చీమంత బరువుకూ ఊగుతుంది; మరీ దిగువన ఉంటే వీసె తేడానూ పట్టించుకోదు.

చట్టం ఈ విషయంలో ఆలస్యం చేయలేదు. 1860 భారత శిక్షాస్మృతి 264వ సెక్షన్ తప్పుడు తూనిక సాధనాన్ని మోసపూరితంగా వాడడాన్ని నేరంగా పరిగణించింది. అయితే సాధనం తప్పుడుదని నిందితునికి ‘తెలిసి’ ఉండాలన్న షరతు వల్ల రుజువు కష్టమయ్యేది. 1933 నాటి మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం తూకాన్ని వర్తకుని ఇంటి నుండి నియంత్రిత మార్కెట్టుకు తరలించే ప్రయత్నం చేసింది. 1956 తూనికలు కొలతల ప్రమాణాల చట్టంతో మణుగు, వీసె క్రమంగా కిలోగ్రాముకు చోటిచ్చాయి. రాళ్ళు మారినా కోల సూత్రం అదే కనుక, చిప్పలు మార్చి తూచమని అడిగే హక్కు రైతుకు అంతకుముందులాగే అవసరమైంది.