మరిగిన నీళ్ళు

ఉలవచారు ఎలా పుట్టిందని కృష్ణా, గుంటూరు వైపు ఎవర్నడిగినా దాదాపు ఒకే మాట చెప్తారు. ఎడ్లకి పెట్టడానికి ఉలవలు ఉడకేసేవాళ్ళు. గింజలు ఎడ్లకి పోయేవి. మిగిలిన నీళ్ళు పారబొయ్యడానికి మనసొప్పక, మళ్ళీ పొయ్యెక్కించి గంటల తరబడి మరగబెట్టేవాళ్ళు. నల్లగా, చిక్కగా దిగిన ఆ చారునే ఇప్పుడు పెళ్ళి భోజనాల్లో మీగడేసి వడ్డిస్తున్నారు, సీసాల్లో అమ్ముతున్నారు. మొదట మరిగించిన మనిషెవరో ఎవరికీ తెలీదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆయిస్టర్ సాస్‌ది కూడా అచ్చం ఇలాంటి పుట్టుకే. కాకపోతే దానికి కనిపెట్టిన మనిషున్నాడు, ఏడాదుంది, ఊరుంది. 1888లో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, ఇప్పటి జూహై నగరం కిందికొచ్చే నాన్‌షుయ్ అనే పల్లెలో, లీ కుమ్ షెయుంగ్ అనే ఆయన చిన్న తిండికొట్టు నడిపేవాడు. ఆల్చిప్పల మాంసం ఉడికించి అమ్మేవాడు. ఒకరోజు పొయ్యి మీద కుండ సంగతి మర్చిపోయాడు. ఘుమఘుమలు వస్తుంటే వెళ్ళి మూత తీశాడు. పలచగా ఉండాల్సిన నీళ్ళు గోధుమరంగు పాకమైపోయి ఉన్నాయి. నాలిక మీద వేసుకుంటే అమోఘంగా ఉంది. ఇక దాన్నే అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన పెట్టిన లీ కుమ్ కీ కంపెనీ ఇవాళ్టికీ చెప్పే కథ ఇది.

కథ బాగుంది. మర్చిపోయిన కుండ, అదృష్టం, ఒక్క మనిషి. నాకు మాత్రం ఆ కుండ కన్నా ఆ తీరమే ముఖ్యమనిపిస్తుంది. పెర్ల్ నది సముద్రంలో కలిసే ఆ చోటంతా ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసే బురదనేల. ఆల్చిప్పల సాగుకి అనువైనది. ఇప్పుడు షెన్‌జెన్ మహానగరంలో కలిసిపోయిన షాజింగ్‌లో ఈ సాగు సాంగ్ రాజుల కాలం నుంచీ ఉందని చెప్పుకుంటారు. ఐసు లేని రోజుల్లో పచ్చి ఆల్చిప్ప మాంసం ఎన్నాళ్ళు నిలవుంటుంది? అందుకని ఉడికించి ఎండబెట్టేవాళ్ళు. ఈ ఎండు సరుకుని కాంటనీస్‌లో 'హౌ సీ' అంటారు. ఆ మాట చెవికి 'మంచి బేరం' అన్నట్టు వినిపిస్తుంది కాబట్టి కొత్త సంవత్సరం విందులో వ్యాపారస్తులు దాన్ని ఇష్టంగా తింటారు.

గంపలకొద్దీ ఉడికిస్తే కుండలకొద్దీ నీళ్ళు మిగుల్తాయి. మాంసంలోని రుచి చాలావరకు ఆ నీళ్ళలోకే దిగుతుంది. వాటిని ఇంకబెట్టి చిక్కబరచడం ఎండు ఆల్చిప్పల పనిలో ఒక భాగం. అలాంటి తీరంలో కుండ మర్చిపోయినవాడు ఒక్కడే ఉంటాడా? నా ఉద్దేశంలో లీ చేసిన అసలు పని మర్చిపోవడం కాదు, ఆ పాకానికి ఒక కొట్టు పేరు తగిలించి ఊరు దాటించడం. అదేం తక్కువ పని కాదు. మన ఉలవచారుకి ఆ పని చాలా ఆలస్యంగా జరిగింది.

పేరు సంగతి కూడా సరదాగా ఉంటుంది. కాంటనీస్‌లో దీన్ని 'హౌ యౌ' అంటారు, అంటే ఆల్చిప్ప నూనె. నూనె అన్నది మాటకే. సోయా సాస్‌ని కూడా వాళ్ళు 'సీ యౌ' అనే అంటారు, అందులోనూ నూనె లేదు. ఇంకో పక్క 19వ శతాబ్దపు ఇంగ్లీషు, అమెరికన్ వంట పుస్తకాల్లో 'ఆయిస్టర్ సాస్' అని కనబడితే అది ఇది కాదు. అది వెన్న, పిండి, పాలతో చేసిన తెల్లటి సాస్. అందులో ఆల్చిప్పల మాంసం వేసి టర్కీ కోడి మీదా, చేప మీదా పోసేవాళ్ళు. పేరొక్కటే, వస్తువులు రెండు.

1902లో నాన్‌షుయ్ కొట్టు అగ్నిప్రమాదంలో కాలిపోయింది. లీ కుటుంబం పక్కనే పోర్చుగీసువాళ్ళ చేతిలో ఉన్న మకావుకి తరలింది. 1932లో అక్కణ్ణించి హాంకాంగ్. సరుకు కొనేవాళ్ళలో అమెరికా వలస వెళ్ళిన గ్వాంగ్‌డాంగ్ జనం ముఖ్యులు. ఎంత దూరం పోయినా నాలిక ఇంటివైపే చూస్తుంది కదా, ఆవకాయ జాడీలు విమానమెక్కించే మనకి వేరే చెప్పక్కర్లేదు. అయితే అచ్చంగా ఆల్చిప్పల నీళ్ళు ఇంకించిన సాస్ బాగా ఖరీదు. రోజూ వాడుకునే వస్తువు కాదు.

దాన్ని రోజువారీ చేసింది 1972. ఆ ఫిబ్రవరిలో నిక్సన్ చైనా వెళ్ళాడు. ఏప్రిల్‌లో చైనా ఇచ్చిన రెండు పాండాలు వాషింగ్టన్ జంతుప్రదర్శనశాలకి చేరాయి. అమెరికా అంతా పాండాల పిచ్చిలో ఉంది. అదే ఏడు లీ కుమ్ కీ తక్కువ ధరలో కొత్త రకం సాస్ తెచ్చి సీసా మీద పాండా బొమ్మ వేసింది. పాండా తినేది వెదురు, దానికీ ఆల్చిప్పకీ ఏ సంబంధమూ లేదు. సీసా మాత్రం అమ్ముడుపోయింది.

ఇలాంటి చవక రకం సీసాల వెనక రాసిన జాబితా ఒకసారి చదవండి. బరువు ప్రకారం వరసలో రాస్తారు. సాధారణంగా ముందు నీళ్ళు, తర్వాత పంచదార, ఉప్పు, అప్పుడు ఆల్చిప్ప సారం. ఆపైన మోనోసోడియం గ్లూటమేట్, మొక్కజొన్న పిండి, రంగుకి కారమెల్. గంటల కొద్దీ మరిగితే వచ్చే చిక్కదనాన్ని పిండి ఇస్తోంది, రంగుని కారమెల్ ఇస్తోంది. గ్లూటమేట్ అంటే మన ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర అజినమోటో అనే తెల్ల పొడి. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచులోంచి దాన్ని విడదీసి, ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. ఆల్చిప్పలో సహజంగానే గ్లూటమేట్ ఉంటుంది. కాబట్టి ఇది పూర్తిగా మోసమని అననుగానీ, సీసా మీద బొమ్మని చూసి సముద్రాన్ని ఊహించుకోవడం మాత్రం కొంచెం ఎక్కువే.

ఇక కూర దగ్గరికి వద్దాం. అధిక మంట మీద గబగబా కలిపి వేయించడాన్ని చైనావాళ్ళు 'ఛావ్' అంటారు. ఇంగ్లీషులో దీనికి మాట లేదు. 'స్టిర్ ఫ్రై' అన్న మాట 1945లో బువేయ్ యాంగ్ చావ్ రాసిన 'హౌ టు కుక్ అండ్ ఈట్ ఇన్ చైనీస్' పుస్తకంతో వచ్చింది. ఆవిడ టోక్యోలో చదివిన వైద్యురాలు. భర్త యువన్ రెన్ చావ్ పేరుమోసిన భాషాశాస్త్రవేత్త, 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్'ని చైనీస్‌లోకి తెచ్చినవాడు. పుస్తకాన్ని ఇంగ్లీషు చేసింది కూతురు, చెయ్యి పెట్టి మార్చింది ఆయన. మాట పుట్టించిన ఘనత అందులో ఎవరి వాటా ఎంతన్నది ఆ ఇంటి గొడవ.

మనకి 'వేపుడు' అన్న మాటుంది గానీ అది దీనికి సరిపోదు. బెండకాయ వేపుడు సన్నసెగ మీద ఓపిగ్గా చెయ్యాలి. ఇది నాలుగైదు నిమిషాల పని. మూకుడు పొగొచ్చేదాకా కాగాలి. కూరగాయలు కడిగాక తడి లేకుండా ఆరాలి, తడుంటే వేగవు, ఉడుకుతాయి. ఇంటి గ్యాస్ పొయ్యికి హోటలు పొయ్యి బలం ఉండదు కాబట్టి ఒకేసారి మూకుడు నింపెయ్యకుండా ఇద్దరికి సరిపడా వేసుకోవాలి. నూనె, చితక్కొట్టిన వెల్లుల్లి, తర్వాత బ్రకోలీయో బీన్సో. కాడలు ముందు, ఆకులు ఆఖర్న. రెండు చెంచాల నీళ్ళు చిలకరించి ఒక నిమిషం మూత పెడితే కాడ మెత్తబడుతుంది. సాస్ అన్నిటికన్నా చివర్లో, ఒక పెద్ద చెంచాడు. ముందే వేస్తే అందులోని పంచదార మాడిపోతుంది. ఉప్పు వెయ్యకండి, సాస్‌లో ఉన్నదే చాలు.

కాంటనీస్ ఇళ్ళలో ఇంతకన్నా తేలిక పద్ధతుంది. చోయ్ సమ్, గై లాన్ లాంటి ఆకుకూరల్ని కాస్త ఉప్పు, నూనె వేసిన మరుగునీళ్ళలో ముంచి తీసి, పళ్ళెంలో పరిచి, పైన సాస్ పోస్తారు. అంతే. వేయించడమే లేదు. మన తోటకూర కాడలకి ఈ పద్ధతి బాగానే కుదురుతుంది.

అమెరికాలో 1965 వలస చట్టం చైనావాళ్ళకీ మనకీ ఒకేసారి తలుపులు తీసింది. ఆ తర్వాత వచ్చిన తెలుగువాళ్ళలో శాకాహారులు కొంతమంది చైనీస్ హోటల్లో 'వెజిటబుల్స్ ఇన్ బ్రౌన్ సాస్' ధీమాగా తెప్పించుకునేవాళ్ళు. పళ్ళెంలో మాంసం ముక్క లేదు కదా అని. ఆ గోధుమరంగులో ఆల్చిప్ప ఉండొచ్చన్న అనుమానం ఎలా వస్తుంది? మన సోయా, వెనిగర్ మంచూరియాతో పెరిగిన వాళ్ళకి అసలు రాదు. వడ్డించేవాళ్ళనీ అనడానికి లేదు, వాళ్ళ లెక్కలో అది ఉప్పూ కారం లాంటిది. కాబట్టి 'మాంసం ఉందా' అని కాదు, 'ఏ సాస్ వేస్తారు' అని అడగాలి. బౌద్ధ శాకాహారుల కోసం షిటాకే పుట్టగొడుగులతో చేసిన సాస్ వేరే ఉంది. 'వెజిటేరియన్ ఆయిస్టర్ సాస్' అనే పేరుతో మామూలు సీసాల పక్కనే, చాలావరకు అదే రంగు లేబుల్‌తో పెడతారు. అద్దాలు పెట్టుకుని చదివి మరీ తీసుకోండి.