చిన్న కుక్కకు దిక్కెవరు? సరమ ఫిర్యాదు నుంచి మన వీధి దాకా



మన సంతపూర్‌లోనూ, పనుల కోసం బీదర్, హైదరాబాద్ చేరిన మనవాళ్ళ కాలనీల్లోనూ కొంతకాలంగా ఒకటే గొడవ. ఇంట్లో పిల్లలతో పాటు పెరిగిన బొచ్చుకుక్కను సాయంత్రం బయటికి తీసుకెళ్తే, వీధి మలుపులో నాలుగైదు పెద్ద కుక్కలు చుట్టుముడుతున్నాయి. కొన్ని ఇళ్ళకు ఆ చిన్న ప్రాణం తిరిగి రాలేదు. దాంతో సంఘంలో రెండు పక్షాలయ్యాయి. వీధి కుక్కలన్నిటినీ పట్టించి ఎక్కడో దూరంగా వదిలేయాలని ఒక పక్షం. పెంచుకునే సరదా మీది కాబట్టి కాపలా కూడా మీదేనని ఇంకో పక్షం.

ఈ రెండు వాదనలూ నిన్నమొన్నటివి కావు. చాలా పాత చరిత్ర ఉంది వీటికి. అది తెలిస్తే గొడవ సగం తగ్గుతుందని మా నమ్మకం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన తెలుగువాళ్ళకు ఈ కథ నన్నయ దగ్గరే మొదలవుతుంది. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజ నరేంద్రుడి కొలువులో ఆయన తెలుగు చేసిన భారతం ఆదిపర్వంలో తొలి కథల్లో ఒకటి కుక్కపిల్లది. జనమేజయుడు యాగం చేస్తున్నాడు. దేవతల కుక్క సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ అటు వచ్చాడు. రాజు తమ్ముళ్ళు వాణ్ణి పట్టుకుని కొట్టారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయాడు. హవిస్సును వాడు నాకలేదు, కనీసం దానివైపు చూడలేదని సంస్కృత మూలం చెబుతుంది.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. సరమ ఫిర్యాదు చేసింది కొట్టినవాళ్ళకు కాదు, నేరుగా రాజుకు. యాగశాల అతనిది. అక్కడ ఒక అల్పప్రాణికి అన్యాయం జరిగితే జవాబు చెప్పాల్సింది అతనే. తప్పు చేయనివాణ్ణి కొట్టారు కాబట్టి మీకు కనపడని భయం వస్తుందని చెప్పి వెళ్ళిపోయింది. అంతటి చక్రవర్తీ కలవరపడి, ఆ దోషం పోగొట్టగల పురోహితుడి కోసం వెతుక్కుంటూ వెళ్ళాడు. బలమున్నవాడు బలహీనుడి మీద పడినప్పుడు, ఆ చోటు ఎవరి చేతిలో ఉందో వాళ్ళే పూచీదారులు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి. పోస్టంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

పురాణం పక్కన పెట్టి శాసనానికి వద్దాం. క్రీ.శ. 949లో తక్కోలం దగ్గర రాష్ట్రకూట మూడో కృష్ణుడికీ చోళ రాజాదిత్యుడికీ యుద్ధం జరిగింది. కృష్ణుడి రాజధాని మాన్యఖేటం, అంటే ఇప్పటి మల్‌ఖేడ్. మన బీదర్‌కు పక్కనే ఉన్న కలబురగి జిల్లాలో ఉంది. ఆ యుద్ధంలో కృష్ణుడి పక్షాన నిలిచిన గంగరాజు బూతుగుడు, బాగా పోరాడిన తన సేవకుడు మణలేరుణ్ణి ఏం కావాలో కోరుకోమన్నాడు. అతను ఊళ్ళు అడగలేదు, బంగారం అడగలేదు. రాజు దగ్గరున్న కాళి అనే వేటకుక్కను ఇమ్మన్నాడు. తర్వాత ఒక పెద్ద అడవిపంది మీద కాళిని వదిలితే, రెండూ పోరాడి ఒకదాని చేతిలో ఒకటి చచ్చాయి. మణలేరుడు ఆతకూరులో చల్లేశ్వర గుడి ముందు కాళికి వీరగల్లు వేయించి, దాని పూజకు భూమి రాసిచ్చాడు. ఆ రాయికి పూజ చేయకుండా అన్నం తింటే గొరవడికి, అంటే అక్కడి శైవ పూజారికి, పాపం తగులుతుందని కూడా చెక్కించాడు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. తనకోసం చచ్చిన కుక్క రుణం యజమాని ఎలా తీర్చుకున్నాడో చూడండి.

కుక్కను పరాయిదిగా చూడటం అసలు మన ప్రాంతపు అలవాటు కాదు. భాల్కి తాలూకా ఖానాపూర్ మైలార మల్లన్న దగ్గరికి మన ఇళ్ళ నుంచి ఏటా వెళ్ళేవాళ్ళున్నారు. అటు జెజూరి ఖండోబా, ఇటు కొమురవెల్లి, ఐనవోలు మల్లన్నలు. ఈ దేవుడి వెంట కుక్క ఉంటుంది. జెజూరిలో వాఘ్యాలు తాము ఖండోబా కుక్కలమనే చెప్పుకుంటారు. గొర్రెలకాపరుల దేవుడికి కుక్క తోడు ఉండటంలో వింత లేదు. దక్కన్ పీఠభూమిలో మందకు తోడేలు భయం ఉన్నంతకాలం కాపరికి కుక్కే సగం బలం.

మరి ఆ కుక్కకు కాపలా ఎవరు? ఈ ప్రశ్నకు రోమ్ పండితుడు వర్రో రెండు వేల ఏళ్ళ కిందటే జవాబు రాశాడు. క్రీ.పూ. 37 ప్రాంతంలో, ఎనభయ్యో ఏట, సేద్యం గురించి ఒక పుస్తకం రాస్తూ మంద కుక్కల మెడకు కట్టే తోలు పట్టాను వర్ణించాడు. దానికి తలలున్న మేకులు గుచ్చేవారు. ఇనుము కుక్క మెడకే ఒరుసుకోకుండా మేకుల తలల కింద మెత్తటి తోలు కుట్టేవారు. తోడేలైనా, ఇంకో కుక్కైనా ముందుగా పట్టేది గొంతునే కదా. మన హిమాలయాల్లోని గద్దీ కాపరులు చిరుతల భయానికి ఇప్పటికీ తమ కుక్కలకు ఇనుప ముళ్ళ పట్టాలు కడతారు. అమెరికాలో కయోటీలు తిరిగే ఊళ్ళలో చిన్న కుక్కలకు ముళ్ళు కుట్టిన చొక్కాలు తొడుగుతున్నారు. అన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే.

వర్రో ఇంకో మాట కూడా అన్నాడు, అదే అసలైనది. ఆ మేకులు ఒకసారి గుచ్చుకుని గాయపడిన తోడేలు భయంతో పట్టా లేని మిగతా కుక్కల జోలికి కూడా రాదట. అంటే ఒకదానికి కట్టిన రక్షణ మందనంతా కాపాడుతుంది. ఈ మాట దగ్గరికి మళ్ళీ వద్దాం.

ఇక వీధి కుక్కలను చంపేస్తే, తరలిస్తే పోతుంది కదా అనేవాళ్ళ కోసం రెండు నగరాల చరిత్ర.

మొదటిది బొంబాయి. కంపెనీ పాలనలో ఏటా కొన్ని నెలలు వీధి కుక్కలను చంపాలని ఆజ్ఞ ఉండేది. 1832లో ఆ గడువు పెంచారు. చంపిన కుక్కకు ఇంత అని బహుమానం ఉండటంతో, పోలీసులు ఇళ్ళ గడపల దగ్గరున్న పెంపుడు కుక్కలనూ వదల్లేదు. కుక్కను పవిత్రంగా చూసే పార్సీలకు ఒళ్ళు మండింది. జూన్ 6న ఫోర్ట్ ప్రాంతంలో పోలీసుల మీద తిరగబడి దుకాణాలు మూయించారు. వేరే మతాలవాళ్ళూ వాళ్ళతో కలిశారు. చివరికి సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. రెండేళ్ళ తర్వాత 1834లో జంషెడ్జీ జీజీభాయ్, అమీచంద్ షాలు అక్కడ పాంజ్రాపోల్ పెట్టారు. వీధి కుక్కల మీద మొదలైన వేట ఇంటి కుక్క గడపలోకి ఎంత తొందరగా వస్తుందో చెప్పే కథ ఇది.

రెండోది మద్రాసు. అక్కడి కార్పొరేషన్ దశాబ్దాల పాటు కుక్కలను పట్టి చంపింది. అయినా వీధుల్లో కుక్కలు తగ్గలేదు, రేబిస్ పోలేదు. 1960ల నుంచే బ్లూ క్రాస్‌కు చెందిన చిన్ని కృష్ణ, చంపడం దండగ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని చెబుతూ వచ్చారు. 1996లో ఆ పద్ధతి అక్కడ మొదలైంది. ఇటు హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల బ్లూ క్రాస్ స్థాపించారు. 2001లో కేంద్రం ఈ పద్ధతినే దేశమంతటికీ నియమాలుగా తెచ్చింది.

పట్టిన చోటే ఎందుకు వదలాలని మనవాళ్ళు అడుగుతుంటారు. వేమనను గుర్తు చేసుకోండి. మొసలి, ఏనుగు, కుక్కలతో ఆయన చెప్పింది స్థానబలం గురించే. తన వీధిలో కుక్కకు ధైర్యం ఎక్కువ. ఒక గుంపును ఎత్తేస్తే ఆ ఖాళీలోకి, అక్కడి ఎంగిలి కోసం, ఇంకో గుంపు వస్తుంది. కొత్తవి హద్దుల కోసం కొట్లాడుకుంటాయి. ఆ కొట్లాట మధ్యలోకి మన బొచ్చుకుక్క వెళితే దాన్నీ చొరబాటుదారుగానే చూస్తాయి. ఆపరేషన్ అయిన గుంపులో ఆడకుక్కల కోసం కొట్లాటలు, పిల్లల కాపలా కోసం మీదపడటం తగ్గుతాయి. చిన్న కుక్కను కాపాడేది అదే.

ఈ చిన్న కుక్కలు మన ఇళ్ళలోకి వచ్చింది కూడా పెద్ద పాతకాలం కాదు. 1994లో 'హమ్ ఆప్కే హై కౌన్' వచ్చింది, మనకది 'ప్రేమాలయం'. అందులోని టఫీని చూశాక తెల్ల బొచ్చుకుక్క కావాలని అడగని పిల్లలు లేరు. అది ఇండియన్ స్పిట్జ్ అయినా మనం పొమేరియన్ అనే పిలిచాం. 2003లో హచ్ ప్రకటన వచ్చాక ముడతల మొహం పగ్ కాస్తా 'హచ్ కుక్క' అయిపోయింది. ఇవి ఒడిలో పెరగడానికి పెంచిన జాతులు. వీధిలో ఎప్పుడు తోక ముడవాలో, ఎప్పుడు పక్కకు తప్పుకోవాలో నేర్చుకునే అవకాశం వీటికి దొరకదు. పెద్ద గుంపును చూసి గట్టిగా మొరిగి పోట్లాట పైకి తెచ్చుకుంటాయి.

కుక్కల కోసం ఇంత గొడవా అనేవాళ్ళకు ఒక్క మాట. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధి కుక్కల గుంపు దాడిలో నాలుగేళ్ళ బాబు చనిపోయాడు. తెలంగాణ హైకోర్టు ఆ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. ఈరోజు బొచ్చుకుక్క మీద పడిన గుంపు రేపు ఎవరి మీద పడుతుందో అనే భయం ఏ పక్షంవాళ్ళకైనా ఒకటే.

సరమ రాజును అడిగిన ప్రశ్నకు ఇప్పటి చట్టం జవాబు ఇచ్చింది. 2023 మార్చి నాటి కొత్త నియమాల ప్రకారం పెంపుడు కుక్క టీకాలు, ఆపరేషన్ యజమాని బాధ్యత. వీధి కుక్కలవి స్థానిక సంస్థ బాధ్యత. నగరమైతే మున్సిపాలిటీ, మన ఊరికైతే పంచాయతీ. కాలనీ సంఘాలనూ ఆ నియమాలు వదల్లేదు. వీధి కుక్కలకు తిండి పెట్టే చోటును పిల్లలు ఆడుకునే చోటికీ, మెట్లకూ, గేట్లకూ దూరంగా చూపించాల్సింది సంఘమే. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ తప్ప, మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలమంది. నవంబర్‌లో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని కుక్కలను తీసేసి మళ్ళీ అక్కడ వదలొద్దని చెప్పింది. అంటే 'అన్నీ తీసేయాలి', 'ఏదీ తీయొద్దు' అనే రెండు మాటలూ చట్టం ముందు నిలవవు.

ఇప్పుడు వర్రో మాటకు వద్దాం. ఒక కుక్క మెడపట్టా మందనంతా కాపాడినట్టే, ఒక వీధిలో నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనకు ఇందులో అదృష్టం కూడా ఉంది. రాష్ట్ర పశువైద్య విశ్వవిద్యాలయం బీదర్ నందినగర్‌లోనే ఉంది. సంఘం తరఫున పంచాయతీకి అర్జీ పెట్టి, అక్కడి వైద్యుల సాయం అడగడం మన చేతిలోని పని.

ఈలోగా పెంచుకునేవాళ్ళు ఇవి పాటించండి. మెడపట్టాకు బదులు ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వేయండి. ఆపదలో మెడ బిగుసుకోకుండా ఒక్క చేత్తో పైకి లాగొచ్చు. గుంపు దూరంగా ఉండగానే కుక్కను ఎత్తుకుని, పరుగెత్తకుండా, దగ్గరి గేటు వెనక్కి చేరండి. పరుగు చూస్తే అవి తరుముతాయి. చేతిలో కర్ర గాని గొడుగు గాని ఉంచుకోండి. గొడుగును ఒక్కసారిగా తెరిస్తే చాలా కుక్కలు ఆగుతాయి. కరిచి పట్టుకున్న నోళ్ళ మధ్యకు మాత్రం చేయి పెట్టొద్దు.

దాడి జరిగాక పైకి రెండు చిన్న చిల్లులే కనపడొచ్చు. పెద్ద కుక్క చిన్నదాన్ని పట్టి విదిలిస్తే చర్మం కింద కండ చిరుగుతుంది, లోపల రక్తం కారుతుంది, పక్కటెముకలు విరుగుతాయి. రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు డాక్టర్‌కు చూపించండి, రేబిస్ టీకా సంగతి అడగండి. మీకు గాటు పడితే సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు.

వచ్చే సమావేశంలో మేము పెట్టదలచుకున్నవి మూడే. పంచాయతీకి ఆపరేషన్, టీకా అర్జీ. తిండి పెట్టే చోట్ల గుర్తింపు. ఎంగిలి, మాంసం వ్యర్థాలు వీధిలో పారేయకుండా కట్టుబాటు. చిన్న కుక్క ఎవరి ఒడిలోదైనా, వీధి మాత్రం మనందరిదీ. సరమ వస్తే అడిగేది మనల్నే. మీ వీధిలో ఎన్ని కుక్కలున్నాయో లెక్క రాసుకుని రండి.