రోహిణి కార్తె – మా పెరటి ఖజానా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మిత్రులు కోరారు. పి.ఆర్.సి., డి.ఎ. లెక్కలు నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరొక ఖజానా గురించి రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్లు సర్కారు ఖజానా నుంచి జీతం తీసుకున్నాను గాని, నన్ను ఆ ఉద్యోగం దాకా చేర్చినది కోటబొమ్మాళిలో మా ఇంటి వెనుక పెరడు.

నేను 1940లో పుట్టాను. అప్పటికి మా ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. మా నాన్నగారు ప్రైవేటు ఎలిమెంటరీ బడిలో ఉపాధ్యాయులు. 1952లో కాలం చేశారు. కుటుంబ పెన్షను అన్న మాట మా ఇంట్లో ఎవరూ విని ఉండలేదు. మిగిలినవి కొద్దిపాటి పల్లపు భూమి, పెరట్లో రెండు మామిడి చెట్లు, ఒక పనస, ఒక నేరేడు.

మామిళ్లలో ఒకటి సువర్ణరేఖ. విశాఖ ప్రాంతానికి పేరు తెచ్చిన రకం. బుగ్గన ఎరుపు తిరిగి, అన్నిటికంటె ముందు పండుతుంది. రెండోది పేరు లేని నాటు చెట్టు. కాయ పులుపు, పండు పీచు. పిల్లలకు మొదటిదంటే ఇష్టం. మా అమ్మకు మాత్రం రెండోదే ఇష్టం. ఎందుకో నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు.

రోహిణిలో పని

మే నెలాఖరున రోహిణి కార్తె వస్తే రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలోనే మా ఇంట్లో ఏడాది పనంతా జరిగేది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశించి చినుకు పడేలోగా ముగించాలి. ఆవకాయకు కాయ నేల తాకకూడదు. చిక్కంతో ఒక్కొక్కటే దించి, సొన కార్చి, కడిగి, పొడిగుడ్డతో తుడిచేవాళ్లం. ప్రతి ముక్కకూ టెంక ఉండాలి, లోపలి జీడీ పొరా తీసేయాలి. గాలికి రాలిన కాయలను చెక్కు తీసి, తరిగి, ఉప్పు రాసి ఎండబెడితే ఒరుగులయ్యేవి. వానాకాలమంతా పప్పులోకి పులుపు అవే.

మిగలపండిన నాటు పండ్లు తాండ్రకు. రసం పిండి, పీచు పోయేలా గుడ్డలో వడకట్టి, బెల్లం కలిపి, తాటాకు చాప మీద పలుచగా పూసేవారు. ఒక పొర ఎండాక మరొక పొర. ఈగలనూ కాకులనూ తోలడం నా డ్యూటీ. జీతం చాప అంచున అంటుకున్న తునకలు.

పనసలో పారేసేది తక్కువ. లేతకాయ పొట్టు కొట్టి ఆవపెట్టి కూర, పండితే తొనలు. పిక్కలు కడిగి ఆరబెట్టి ఇసుకలో దాచేవారు. ముసురు రోజున నిప్పుల్లో కాల్చినా, పులుసులో వేసినా ఒక పూట గడిచేది.

కరువు రోజుల్లో మామిడి టెంకలోని జీడిని కూడా నానబెట్టి, చేదు పోగొట్టి, ఎండబెట్టి, పిండి చేసి అంబలి కాచుకునేవారని పెద్దలు చెప్పేవారు. ఇది కథ కాదు. 2001లో ఒరిస్సాలోని కాశీపూర్‌లో బూజు పట్టిన జీడిపిండి అంబలి తాగి గిరిజనులు చనిపోయిన వార్త మనమంతా చదివాం. ఆషాఢ శ్రావణాల్లో గాదె అడుగంటి, కొత్త పంట ఇంకా చేతికి రాని రోజులవి. రోహిణిలో చేసిన కష్టమంతా ఆ రోజులను దాటడానికే. శ్రావణం చివర పోలాల అమావాస్య వెళ్లి, కొత్తమ్మతల్లి ఉత్సవాలకు చుట్టాలు దిగితే, విస్తరిలో వడ్డించడానికి మా ఇంట జాడీ తప్పక ఉండేది.

జాడీ లేని ఏడు

ఒక్క ఏడాది లేదు. 1957 మార్చిలో నా ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష. ఫీజుకు డబ్బు లేదు. జనవరిలో మామిళ్లు పూత మీద ఉండగానే ఒక వర్తకుడికి రెండు చెట్ల కాపూ గుత్తకు ఇచ్చేసింది మా అమ్మ. ఆ వేసవిలో మా చెట్టు కింద వేరేవాళ్ల కాపలా. రాలిన కాయ కూడా ముట్టరాదు. నేను ఉక్రోషంతో "చెట్టు అమ్మేశావా?" అని అడిగాను. "చెట్టు అమ్మలేదు నాయనా, ఈ ఏటి కాపు నీ చదువుకిచ్చేం," అంది. ఆ వానాకాలం అంబలిలోకి ఉల్లిపాయ, ఉప్పుకల్లు నంజుకున్నాం. నేను ప్యాసయ్యాను. 1964లో ఉద్యోగం వచ్చింది, 1998లో పదవీ విరమణ చేశాను. సర్వీసు రిజిస్టరులో ఆ చెట్టు పేరు ఎక్కడా లేదు.

ఉప్పు సంగతి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140–150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో మీకు చెప్పనక్కరలేదు. మా పెరట్లో పనస, సువర్ణరేఖ, నేరేడు పోయాయి. నాటు చెట్టు రెండు కొమ్మలతో నిలిచింది. రెండు వేసవులు కాయలేదు. 2021లో కాసింది.

విశాఖలో ఉంటున్న మా కోడలు ఆ కాయలు పట్టుకెళ్లి, అత్తగారి కొలత ప్రకారమే ఆవకాయ పెట్టింది. ముక్కలను బట్టి ఉప్పు, కారం, ఆవపిండి సమంగా సోలతో కొలిచి, పప్పునూనె పోసింది. నోట పెట్టలేనంత ఉప్పు! "మీరు కొలత తప్పు చెప్పారు మావయ్యా," అంది. రెండు రోజులు ఆలోచిస్తే తెలిసింది. కొలత తప్పు కాదు, ఉప్పు వేరు. మా అమ్మ వాడినది నౌపడా మడుల కల్లుప్పు, ఎండబెట్టి కచ్చాపచ్చాగా దంచినది. పలుకుల మధ్య సందు ఉంటుంది కనుక సోలలో బరువు తక్కువ పడుతుంది. ప్యాకెట్టులోని మెత్తటి ఉప్పు అదే సోలలో ఎక్కువ దిగుతుంది.

ఉప్పు మారిన చరిత్ర మన కళ్ల ముందే నడిచింది. 1930 సత్యాగ్రహానికి కారణమైన ఉప్పు పన్ను 1947లో రద్దయింది. అయోడిన్ లేని ఉప్పును నేరుగా తినడానికి అమ్మరాదన్న నిబంధన దేశమంతటా 1997లో వచ్చింది, 2000లో తొలగింది, 2006లో మళ్లీ వచ్చింది. గాయిటర్ రాకుండా అది అవసరమే. అయితే కల్లుప్పుతో పాటు ఇళ్లలోని సోల లెక్కలు కూడా చెల్లకుండా పోయాయి.

మరుసటి ఏడు మా కోడలు తూకం వేసి పెట్టింది. రుచి కుదిరింది. ఆ లెక్క గ్రాముల్లో ఒక నోటుబుక్కులో రాసి, పక్కన "నాటు చెట్టు కాయ, నౌపడా ఉప్పు" అని కూడా రాయించాను.

పెన్షనర్ మిత్రులకు నా మనవి ఇదే. మీ ఇళ్లలో పెద్దవారు ఉండగానే వారి కొలతలు రాయించుకోండి. ఏ చెట్టు కాయ, ఏ ఊరి ఉప్పు, ఏ సోల అన్నది కూడా రాయండి. నాటు చెట్టు టెంక ఒకటి పాతాను. మొక్క ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. దాని కాపు నేను చూడకపోవచ్చు. నోటుబుక్కు మాత్రం ఇంట్లో ఉంది.