వ్యవస్థాపకత విద్య

కొత్త సంస్థను స్థాపించి నడిపే తీరును విశ్వవిద్యాలయ బిజినెస్ స్కూళ్లలో బోధించే విభాగం ఇది. 1947లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో మైల్స్ మేస్ మొదలుపెట్టిన కోర్సును దీనికి ఆరంభంగా చెబుతారు. వ్యాపార దక్షత పుట్టుకతో రావలసిందే తప్ప తరగతి గదిలో అబ్బదన్న వాదన బలమైనదే. అయితే దానికి గట్టి జవాబు మన కాకినాడలోనే దొరికింది. 1960వ దశకం మధ్యలో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి, కాకినాడ వ్యాపారులకు సాధనా ప్రేరణ శిక్షణ, అంటే ఏదైనా సాధించాలన్న తపనను పెంచే శిక్షణ, ఇప్పించింది. శిక్షణ పొందినవారు ఆ తర్వాత పొందనివారికన్నా ఎక్కువ చొరవ చూపారు, కొత్త పెట్టుబడులు పెట్టారు. శిక్షణకు ముందుకొచ్చేవారు మొదటినుంచీ చురుకైనవారే కావచ్చన్న అభ్యంతరం సబబైనదే. అయినా పెట్టుబడి లెక్క, గిరాకీ పరిశీలన, నష్టాన్ని ముందే అంచనా కట్టడం నేర్పదగినవే. వాటిని పరీక్ష మార్కులతో కాక, విద్యార్థి నిజంగా కొనుగోలుదారుల దగ్గరికి వెళ్లి చేసిన పనితోనే కొలవాలి.