గుడివాడ సీమలో రక్తపరీక్షా చరిత్ర

1986లో డాక్టర్ సునీతి సొలొమన్‌గారి పర్యవేక్షణమున సెల్లప్పన్ నిర్మల మద్రాసులో సేకరించిన రక్తనమూనాలు వేలూరులో పరీక్షింపబడి, భారతదేశమున హెచ్‌ఐవి ఉనికి తొలిసారి బయల్పడినది. అనంతరకాలమున ఆంధ్రదేశము వ్యాధివ్యాప్తి అధికముగాగల రాష్ట్రములలో నొకటి కాగా, 1992లో ఆరంభమైన జాతీయ నియంత్రణ కార్యక్రమము క్రమక్రమముగా గుడివాడ వంటి డెల్టా పట్టణముల ప్రభుత్వాసుపత్రులకును ఉచిత పరీక్షను, సలహాను చేర్చెను.

అచ్చట సలహాదారు మొదట ఏకాంతమున మాటాడి, సమ్మతి గైకొనును. పిదప కొద్దిపాటి నెత్తురు తీసి కిట్టుపై పరీక్షింతురు. అందు వ్యాధి సూచన కనబడినను, వేరు కిట్లతో మరి రెండుమార్లు సరిచూడక నిర్ధారింపరు.

స్పర్శవలన, సహపంక్తిభోజనమువలన, దోమకాటువలన ఈ వ్యాధి సోకదు. సోకినవారితో నిరోధు లేని సంభోగమువలన సోకవచ్చును. అట్టి శంక గలవారు 72 గంటలలోపల, ఎంత త్వరగానైన అంత మేలుగా, వైద్యుని జేరి 28 దినములు మందు వాడినచో ప్రమాదము మిక్కిలి తగ్గును. అట్టి సంభోగము జరిగిన మరునాటి పరీక్ష ఏమియు తేల్చజాలదు. యాంటీబాడీలు పొడసూపుటకు వారములు పట్టును గనుక, మూడు నెలలు నిండిన పిమ్మట చేసిన పరీక్షయే నిశ్చయప్రమాణము.

2004 నుండి వ్యాధి సోకినవారికి ప్రభుత్వమే మందులు ఉచితముగా నిచ్చుచున్నది. 2017 నాటి చట్టము గోప్యతకు రక్షణ గల్పించినది. ఇన్ని సౌకర్యములు సమకూడిన ఈ కాలమున సిగ్గుచే పరీక్షకు వెనుదీసి ఏ ప్రాణమును నశింపరాదు.